కారు రిపేరుకు సెకండ్ ఒపీనియన్: చూసి చెప్పడానికే ఫీజు తీసుకునే సర్వీసు ఎంతవరకు పనికొస్తుంది?

ఎస్టిమేట్ చేతికి రాగానే చాలామంది ఆ కాగితం పట్టుకుని ఇంకో గ్యారేజీకి వెళ్తారు. "ఇదే పని మీరెంతకు చేస్తారు?" అని అడుగుతారు. అది సెకండ్ ఒపీనియన్ కాదు, బేరం. మొదటాయన క్లచ్ పోయిందన్నాడు, రెండో ఆయన అదే క్లచ్ కొంచెం తక్కువకు వేస్తానన్నాడు. క్లచ్ నిజంగా పోయిందా లేదా అన్నది ఇద్దరూ చూడలేదు.

ఈ రివ్యూ వేరే సర్వీసు గురించి. రిపేరు ఒప్పుకోకుండా, బండిని పరీక్షించి లోపం ఎక్కడుందో చెప్పినందుకు మాత్రమే ఫీజు తీసుకునే సర్వీసు ఇది. కొన్ని గ్యారేజీలు దీన్ని డయాగ్నసిస్ చార్జి అంటాయి, కొన్ని ఇన్‌స్పెక్షన్ అంటాయి. పరికరాల పెట్టెతో బండి దగ్గరికే వచ్చి చూసి వెళ్లేవాళ్లూ ఉన్నారు. తీర్పు ముందే చెప్పేస్తే: గేర్‌బాక్స్ దించాలి, ఇంజన్ పైభాగమైన హెడ్ విప్పాలి, కారు కంప్యూటరైన కంట్రోల్ యూనిట్ మార్చాలి, ఏసీ కంప్రెసర్ మార్చాలి అన్న స్థాయి పని చెప్పినప్పుడు ఈ ఫీజు దండగ కాదు. ఎయిర్ ఫిల్టర్‌కు, వైపర్ బ్లేడ్లకు దీని అవసరం లేదు, అవి కంటితో చూస్తేనే తెలుస్తాయి. అయితే ఫీజు కట్టినంత మాత్రాన సరైన జవాబు వస్తుందని అనుకోకూడదు. ఆ ఫీజుకు బదులుగా ఏం చేతికి రావాలో తెలిసి వెళ్లాలి. రావాల్సింది కొలతలు.

బ్రేకులతో మొదలుపెడదాం. "ప్యాడ్లు అయిపోయాయి సార్, డిస్కులు కూడా వేసేద్దాం" అనేది మాట మాత్రమే. "ముందు ఎడమ చక్రం, లోపలి ప్యాడ్ 3 మి.మీ., బయటి ప్యాడ్ 7 మి.మీ." అనేది రిపోర్టు. కొత్త ప్యాడ్ మీద రాపిడి పదార్థం సాధారణంగా 10 నుంచి 12 మి.మీ. ఉంటుంది, 3 మి.మీ.కి వస్తే మార్చే వేళయినట్టే. పై రిపోర్టులో అసలు సంగతి 3 కాదు, 3కీ 7కీ ఉన్న తేడా. ప్యాడ్లను డిస్కు మీద నొక్కే కాలిపర్ జారే పిన్నులు బిగుసుకుపోతే పిస్టన్ వైపున్న లోపలి ప్యాడే బరువంతా మోస్తుంది, బయటిది డిస్కును సరిగా పట్టుకోదు. ప్యాడ్లు మాత్రం మార్చి పంపేస్తే కొత్తవీ అలాగే ఒకవైపు అరిగిపోతాయి, కొన్ని నెలల్లో మళ్లీ అదే బిల్లు. పిన్నులు బయటికి తీసి, తుప్పు శుభ్రం చేసి, వేడిని తట్టుకునే బ్రేకు గ్రీజు రాసి, చిరిగిన రబ్బరు బూట్లు మార్చాలి. ఇదంతా కొలిచినవాడికే తెలుస్తుంది. చక్రం సందులోంచి టార్చి వేసి చూసినవాడికి బయటి ప్యాడ్ ఒక్కటే కనిపిస్తుంది, కాబట్టి చక్రం విప్పకుండా బ్రేకుల మీద ఏ మాట చెప్పినా లెక్కలోకి తీసుకోవద్దు.

డిస్కు సంగతీ అంతే. ఎంత సన్నబడ్డాక పారేయాలో ఆ కనీస మందం చాలా డిస్కుల మీదే చెక్కి ఉంటుంది. మైక్రోమీటర్‌తో రాపిడి పడే చోట కొలవాలి. మామూలు వెర్నియర్ పెడితే అంచున అరగకుండా మిగిలిన గట్టు అడ్డొచ్చి డిస్కు ఉన్నదానికన్నా మందంగా చూపిస్తుంది. బ్రేకు తొక్కినప్పుడు స్టీరింగ్ వణికితే "డిస్కు వంగింది" అనడం పరిపాటి. డయల్ గేజ్ పెట్టి డిస్కు ఊగిసలాట చూస్తే తెలిసిపోతుంది. చాలా కార్లలో 0.05 మి.మీ. దరిదాపుల్లో ఉంటే సరే. అంతకు మించి ఉన్నా, డిస్కు విప్పి హబ్ ముఖం మీది తుప్పును గీకి, మళ్లీ బిగించి కొలవాలి. అక్కడ ఇరుక్కున్న సన్నని తుప్పు పొరే డిస్కును వంకరగా కూర్చోబెడుతుంది. ఆ పని చేయకుండా కొత్త డిస్కు వేస్తే అదీ ఆ తుప్పు మీదే కూర్చుంటుంది.

ఆయిల్ లీకు ఇంకా పెద్ద ఉచ్చు. ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే చోట కింద చుక్కలు పడుతుంటే "రియర్ మెయిన్ సీల్ పోయింది, గేర్‌బాక్స్ దించాలి" అంటారు. ఇంజన్ వెనుక చివర క్రాంక్‌షాఫ్ట్ చుట్టూ ఆయిల్‌ను ఆపే వలయమే ఆ సీల్. నిజంగా అదే కావచ్చు. కానీ ఆయిల్ పైనుంచి కిందికే కారుతుంది కదా. ఇంజన్ పైన వాల్వ్ కవర్ గ్యాస్కెట్ వెనుక మూల చెమ్మగిల్లినా, ఆ ఆయిల్ ఇంజన్ వీపు మీదుగా జారి సరిగ్గా అదే చోట చుక్కలు కడుతుంది. ఒకటి కాసేపట్లో అయ్యే పని, రెండోది రోజంతా పట్టే పని. తేడా తేల్చడానికి పెద్ద విద్య అక్కర్లేదు. ఇంజన్ వెనుక భాగాన్ని డీగ్రీజర్‌తో కడిగి ఆరబెట్టాలి, ఆయిల్‌లో అతినీలలోహిత కాంతికి మెరిసే డై కొద్దిగా కలపాలి, ఒకటి రెండు రోజులు మామూలుగా తిప్పాలి, తర్వాత ఆ కాంతినిచ్చే టార్చి వేసి మెరుపు అన్నిటికన్నా పైన ఎక్కడ మొదలైందో చూడాలి. అదే లీకు. కింద తడిసిన భాగాలన్నీ బాధితులే, దోషులు కావు. సీల్ నిజంగానే కారుతోందని తేలినా ఇంకో ప్రశ్న మిగులుతుంది: క్రాంక్‌కేసులో, అంటే ఇంజన్ కింది భాగంలో చేరే గ్యాసులను బయటికి పంపే పీసీవీ వాల్వ్ సరిగా పనిచేస్తోందా? అది పూడుకుపోతే క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరిగి ఆయిల్‌ను సీళ్లలోంచి బయటికి తోస్తుంది. దాన్ని వదిలేసి సీల్ మారిస్తే కొత్త సీల్ కూడా కారుతుంది. సెకండ్ ఒపీనియన్ ఇచ్చేవాడు గేర్‌బాక్స్ మాట ఎత్తేముందు ఈ రెండూ చూశాడంటే ఫీజుకు న్యాయం చేసినట్టే.

ఇక చెక్ ఇంజన్ లైటు. స్కానర్ పెట్టి, కోడ్ చదివి, ఆ కోడ్ పక్కన రాసున్న పార్టు మార్చడమే డయాగ్నసిస్ అనుకునే గ్యారేజీలు కొల్లలు. కోడ్ లక్షణం చెబుతుంది, దోషి పేరు చెప్పదు. అమెరికాలో 1996 నుంచి అమ్మిన కార్లన్నిటిలో ఓబీడీ-2, అంటే లోపాలను కారే కోడ్లుగా నమోదు చేసే పద్ధతి, తప్పనిసరి అయింది, తర్వాత మిగతా చోట్లా అదే పద్ధతి పాకింది. పీ0తో మొదలయ్యే కోడ్లకు కంపెనీ ఏదైనా అర్థం ఒకటే. అందుకే ఒక గ్యారేజీ చదివిన కోడ్‌ను ఇంకోచోట సరిచూసుకోవడం తేలిక.

పీ0301 తీసుకోండి. ఒకటో సిలిండర్‌లో మిస్‌ఫైర్ అవుతోందని, అంటే పెట్రోలు సరిగా మండడం లేదని దాని అర్థం. దీనికి ప్లగ్గులకు కరెంటు ఇచ్చే కాయిళ్లు నాలుగు, ప్లగ్గులు నాలుగు, పైగా ఇంజెక్టర్ క్లీనింగ్ అంటూ ఎస్టిమేట్ వచ్చిందంటే చీకట్లో రాళ్లు వేస్తున్నారని లెక్క. ప్లగ్గు మీదే కూర్చునే కాయిల్ ఉన్న ఇంజన్‌లో ఒకటో సిలిండర్ కాయిల్ తీసి మూడో దానికి, మూడో దాన్ని ఒకటికి మార్చి, కోడ్ చెరిపి, బండిని తిప్పాలి. ఈసారి పీ0303 వస్తే దోషం కాయిల్‌తో పాటు నడిచి వెళ్లినట్టు, కాబట్టి కాయిలే. మళ్లీ పీ0301 వస్తే కాయిల్ నిర్దోషి. ఇదే ఆట ప్లగ్గుతో ఆడాలి, అయినా కోడ్ కదలకపోతే ఇంజెక్టర్, ఆపైన కంప్రెషన్. ఖర్చు సున్నా, పట్టేది కాసేపే.

పీ0420 వస్తే "కెటాలిటిక్ కన్వర్టర్ అయిపోయింది" అంటారు, అంటే పొగలోని విషవాయువులను తగ్గించే భాగం. ఇది ఖరీదైన మాట కాబట్టి నిదానించాలి. కన్వర్టర్ తర్వాత ఉండే ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజీని లైవ్ డేటాలో, అంటే ఇంజన్ నడుస్తుండగా స్కానర్ చూపే అంకెల్లో చూడమనండి. ఇంజన్ బాగా వేడెక్కాక, బండి నిలకడగా పోతున్నప్పుడు కన్వర్టర్ బాగుంటే ఆ గీత ఇంచుమించు కదలకుండా 0.6, 0.7 వోల్టుల దగ్గర ఉంటుంది. అదే 0.1 నుంచి 0.9 దాకా గబగబా ఊగుతుంటే కన్వర్టర్ మీద అనుమానం నిజమే. దానికి ముందు సైలెన్సర్ గొట్టంలో, జాయింట్ల దగ్గర గాలి పీల్చే లీకు లేదని తేల్చాలి, లీకు ఉంటే సెన్సర్ తప్పు చెబుతుంది. ఇంకా ముఖ్యమైనది, కన్వర్టర్ ఎందుకు పోయింది? మిస్‌ఫైర్ వల్ల మండని పెట్రోలు లోపలికి వెళ్లి దాన్ని కాల్చేసి ఉంటే, లేదా ఇంజన్ ఆయిల్ తాగుతుంటే, కొత్త కన్వర్టర్ కూడా అదే దారిన పోతుంది.

పీ0171 వచ్చినప్పుడు, అంటే గాలికి తగ్గ పెట్రోలు అందనప్పుడు, కంప్యూటర్ పెట్రోలును ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చూపే ఫ్యుయల్ ట్రిమ్ అంకెలు కథంతా చెప్పేస్తాయి. మామూలుగా అవి ప్లస్ మైనస్ 10 శాతంలోపు ఉంటాయి. ఐడిల్‌లో ప్లస్ 20 దాటి, 2,500 ఆర్‌పీఎం దగ్గర మామూలుకు వస్తే ఎక్కడో గొట్టం చిరిగి దొంగగాలి పోతోంది. వేగం పెరిగేకొద్దీ ట్రిమ్ కూడా పెరిగితే గాలి కొలిచే సెన్సర్ మురికైనట్టు, లేదా పెట్రోలు పంపు, ఫిల్టర్ తగినంత ఇవ్వనట్టు. ఆక్సిజన్ సెన్సర్ మార్చేద్దాం అనే ముందు ఈ రెండు అంకెలు అడగండి. చెప్పలేకపోతే వాళ్లు చూడలేదు, అంతే.

ఏసీ విషయంలో ఒక్క మాట: గ్యాస్ అరిగిపోయే వస్తువు కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉంది. లీకు వెతక్కుండా ఏటా నింపడం చిల్లు బిందెకు నీళ్లు పోయడమే. కంప్రెసర్ తిరగడం లేదని దాన్నే మార్చమంటారు కానీ, గ్యాస్ తక్కువైతే ప్రెషర్ స్విచ్చే దాన్ని తిరగనివ్వదు. ముందు రెండు వైపుల ప్రెషర్ కొలవాలి, కంప్రెసర్ క్లచ్‌కు కరెంటు వస్తోందా చూడాలి, రిలే, కండెన్సర్ ఫ్యాన్ చూడాలి. గ్యాస్ నింపేది కూడా గేజ్ చూసి అందాజుగా కాదు, వాక్యూమ్ పెట్టి తేమ లాగేశాక బానెట్ కింద స్టిక్కర్ మీద రాసిన బరువు ప్రకారం.

ఈ సర్వీసు ఎక్కడ బాగుంటుంది? కంపెనీ సర్వీసు సెంటర్‌కు ఒక బలం ఉంది, ఆ కారుకు సంబంధించిన అసలు స్కానర్, వైరింగ్ బొమ్మలు, ఇంతకుముందు అదే మోడల్‌లో వచ్చిన లోపాల మీద కంపెనీ పంపిన బులెటిన్లు వాళ్ల దగ్గరే ఉంటాయి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, కీ గుర్తించకపోవడం, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ లాంటివాటికి అక్కడికే వెళ్లాలి. వారంటీ ఉంటే ఇంకో ఆలోచనే వద్దు. బలహీనత ఏంటంటే, చిన్న ముక్క పాడైనా మొత్తం అసెంబ్లీ మార్చే పద్ధతి, మీరు మాట్లాడేది మెకానిక్‌తో కాకుండా అడ్వైజర్‌తో. జాబ్ కార్డ్ మీద "శబ్దం వస్తోంది" అని రెండు ముక్కలు రాసుకుంటాడు, "చలికి స్టార్ట్ చేసినప్పుడు ఎడమవైపు తిప్పితేనే" అన్న భాగం దారిలో రాలిపోతుంది. పైగా ఇంజన్ ఫ్లష్, ఏసీ డిసిన్‌ఫెక్షన్, అండర్‌బాడీ కోటింగ్ అంటూ హోటల్ మెనూ చదివినట్టు చదువుతారు. ఓనర్స్ మాన్యువల్‌లోని సర్వీసు పట్టికలో లేనిది ఏదైనా సరే, ఎందుకో చూపించమని అడిగాకే ఒప్పుకోండి.

సొంతంగా నడిపే మంచి గ్యారేజీలో మీతో మాట్లాడేవాడే బండి కింద పడుకునేవాడు. శబ్దాలు, సస్పెన్షన్, లీకులు, క్లచ్ వీళ్ల చేతిలో బాగా తేలతాయి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్, డీజిల్ ఇంజెక్టర్లు, ఏసీ లాంటివాటికి ఆ ఒక్క పనే చేసేవాళ్ల దగ్గరికి వెళ్లడం మేలు. బండి దగ్గరికొచ్చి చూసేవాళ్లకు అమ్మకం ఆశ లేదు కాబట్టి మాట నిష్పక్షపాతంగా ఉంటుంది, కానీ లిఫ్ట్ ఉండదు. బాల్ జాయింట్, లోయర్ ఆర్మ్ బుష్ లాంటివి జాక్ మీద నిలబెట్టి సరిగా చూడలేరు. బ్యాటరీ, చార్జింగ్, కోడ్లు, లైవ్ డేటా వరకు వీళ్లు చాలు. బ్యాటరీ లెక్క ఎలాగూ సులువు: బండి ఆపి కొన్ని గంటలు వదిలేశాక 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.0కు పడిపోతే దాదాపు ఖాళీ. ఇంజన్ నడుస్తుంటే చాలా కార్లలో 13.8 నుంచి 14.4 వరకు కనిపించాలి. అది రాకపోతే కొత్త బ్యాటరీ వేసినా రెండు రోజుల ముచ్చటే, ముందు ఆల్టర్నేటర్, బెల్టు చూడాలి. కంప్యూటర్‌తో చార్జింగ్ తగ్గించి పెంచే కొత్త కార్లలో ఈ అంకె అటూ ఇటూ ఆడుతుంది, దాన్ని చూసి కంగారు పడనక్కర్లేదు.

వెళ్లే పద్ధతిలోనే సగం ఫలితం ఉంటుంది. మొదటి గ్యారేజీ ఏం చెప్పిందో రెండోచోట నోరు విప్పొద్దు. "క్లచ్ పోయిందన్నారు, చూస్తారా" అంటే వాళ్లూ క్లచ్ వైపే చూస్తారు. "ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తోంది కానీ స్పీడు అందుకోవడం లేదు" అని లక్షణం మాత్రం చెప్పండి. మంచివాడు అడిగే ప్రశ్నలు ఇలా ఉంటాయి: ఎప్పటినుంచి, వేడి మీదా చలి మీదా, ఏ గేర్‌లో, దానికి ముందు ఏ పని చేయించారు? ఆ తర్వాత మీరు పక్కన కూర్చోగా తానే నడిపి చూస్తాడు. ఖాళీ రోడ్డు మీద పై గేర్‌లో నింపాదిగా వెళ్తూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కితే, ఆర్‌పీఎం ఎగిరి స్పీడు అక్కడే ఉంటే క్లచ్ జారుతున్నట్టు. రెండూ కలిసి పెరిగితే క్లచ్‌కు ఢోకా లేదు, పికప్ తగ్గడానికి కారణం వేరే.

కోడ్లు చెరపనివ్వొద్దు, బ్యాటరీ తీగ పీకనివ్వొద్దు. కోడ్ పడిన క్షణంలో ఇంజన్ వేడి, వేగం, లోడు ఎంతో ఫ్రీజ్ ఫ్రేమ్‌లో నమోదై ఉంటుంది. చెరిపేస్తే అదీ పోతుంది, కారు స్వయంగా చేసుకునే పరీక్షల ఫలితాలూ సున్నాకు వచ్చి, మళ్లీ పూర్తవ్వాలంటే కొన్ని రోజులు తిప్పాలి. చలిలో మాత్రమే వచ్చే శబ్దమైతే ముందురోజు రాత్రే బండి అక్కడ వదలాలి, నడుపుకుంటూ వెళ్లి చూపిస్తే ఏమీ వినిపించదు. ఫీజు ఎంతసేపటి పనికో, విప్పాల్సి వస్తే అదనమా, రిపేరు అక్కడే చేయిస్తే బిల్లులో తగ్గిస్తారా అన్నవి ముందే అడగాలి. తగ్గించడం మంచి ఆఫరే, కానీ ఉచితంగా చూస్తాం అనేవాళ్లకు ఏదో ఒక పని అమ్మితేనే గిట్టుబాటు అన్నది మర్చిపోవద్దు. చివరగా కొలతలు కాగితం మీద రాయించుకోవాలి.

ఈ సర్వీసుకు తోడుగా చిన్న బ్లూటూత్ కోడ్ రీడర్ దగ్గరుంటే మేలు. స్టీరింగ్ వైపు డ్యాష్‌బోర్డు కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో గుచ్చి ఫోన్‌లో చదువుకోవచ్చు. గ్యారేజీకి వెళ్లేముందే కోడ్, ఫ్రీజ్ ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటే తర్వాత ఎవరు చెరిపినా ఆధారం మీ దగ్గరుంటుంది. ఈఎల్‌ఎం327 పేరుతో దొరికే చవక నకళ్లు కొన్ని కార్లతో మాట్లాడవు, మాట్లాడినా నత్తనడక. ఇవి చాలావరకు ఇంజన్ కోడ్లే చూపిస్తాయి, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ చదవలేవు. దాన్ని సాకెట్‌లోనే వదిలేయొద్దు, ఆపి ఉంచిన బండి బ్యాటరీని కొంచెం కొంచెంగా తాగేస్తుంది.

పెద్ద ఎస్టిమేట్ అంతా మోసం అనుకోవడమూ పొరపాటే. టైమింగ్ బెల్టు గడువు దాటితే పైకి బాగానే కనిపించినా మార్చాలి. చాలా ఇంజన్లలో అది తెగితే పిస్టన్లు వాల్వులను తన్ని వంచేస్తాయి, అప్పుడు హెడ్డే విప్పాలి. ఆ బెల్టుతో తిరిగే వాటర్ పంపునూ, టెన్షనర్‌నూ అప్పుడే మార్చమంటే అది నిజాయితీ సలహా, ఎందుకంటే విప్పే కూలి ఒకటే. క్లచ్ కోసం గేర్‌బాక్స్ దించినప్పుడు ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ కలిపి మార్చడం, రియర్ మెయిన్ సీల్ చూడటం కూడా అంతే. కానీ ఎస్టిమేట్‌లో క్లచ్‌కు ఒక గేర్‌బాక్స్ లేబర్, సీల్‌కు ఇంకో గేర్‌బాక్స్ లేబర్ అని రెండుసార్లు పడి ఉంటే, దించేది ఒక్కసారే కదా అని అడగాలి.

కొన్ని పరిస్థితుల్లో ఇంకో గ్యారేజీ వెతుక్కుంటూ బండి నడపకూడదు. బ్రేకు పెడల్ తొక్కి పట్టుకుంటే నెమ్మదిగా కిందికి దిగిపోతున్నా, ఎర్రటి ఆయిల్ లైటు వెలిగినా, టెంపరేచర్ ముల్లు పైకి పోయినా, స్టీరింగ్ వదులుగా ఊగినా లారీ మీద ఎక్కించి పంపాలి. హెడ్‌కూ ఇంజన్ బ్లాకుకూ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానమైతే మొదటి పరీక్ష చల్లారిన రేడియేటర్ మూత దగ్గరే జరుగుతుంది. నీలం ద్రవం ఉన్న గొట్టంలోకి అక్కడి ఆవిరిని లాగితే, మండిన గ్యాస్ ఉంటే ఆ ద్రవం పసుపు రంగుకు తిరుగుతుంది. తిరగకపోతే కూలింగ్ సిస్టమ్‌కు గాలి ఒత్తిడి పెట్టి బయటి లీకు వెతకాలి. ఈ రెండూ చేయకుండా హెడ్ విప్పడానికి సంతకం పెట్టొద్దు.

ఇద్దరి మాటా కలవకపోతే మూడో పూర్తి ఇన్‌స్పెక్షన్‌కు డబ్బు పోయకండి. ఇద్దరూ ఎక్కడ విడిపోయారో ఆ ఒక్క పరీక్షే చేయించండి. ఒకరు హెడ్ గ్యాస్కెట్ అని, ఇంకొకరు పిస్టన్ రింగులు అని అంటే లీక్‌డౌన్ టెస్ట్ చాలు. సిలిండర్‌లోకి గాలి ఎక్కించినప్పుడు రేడియేటర్‌లో బుడగలు వస్తే గ్యాస్కెట్, ఆయిల్ పోసే మూత దగ్గర బుస్సుమంటే రింగులు, సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్. పక్కన నిలబడి మీరూ వినొచ్చు.